దొంగ పోలీసుకి రెండొందలు జరిమానా

పోయినేడాది ఒక మంగళవారం మధ్యాహ్నం గిద్దలూరు నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆమె ఆఫీసు వేళలో ఎప్పుడూ చెయ్యదు. "నువ్వు మీటింగుల్లో ఉంటావు గదా నాయనా" అని రాత్రి అన్నాలయ్యాకే చేస్తుంది. అందుకే నంబరు చూడగానే గుండె దడదడలాడింది. గొంతు బాగా తగ్గించి, "మీ చిన్నాయన పొద్దున తొమ్మిదింటి నించి రూములో తలుపేసుకోని ఉండాడు. ఎవరో పోలీసాయన వీడియోలో మాట్లాడతా ఉండాడంట. నన్ను లోపలికి రావద్దన్నాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఇప్పుడు బ్యాంకుకి పోతా ఉండాడు" అంది.

ఇంతవరకు వినగానే మీకు కథ అర్థమైపోయి ఉంటుంది. నాకూ అయింది. చిన్నాయనకి ఫోన్ చేస్తే ఎత్తడు. ఎత్తడానికి వీల్లేదు మరి, ఆ ఫోన్ చొక్కా జేబులో కెమెరా బయటికి పెట్టుకుని, కాల్ కట్ చెయ్యకుండా నడుస్తున్నాడు. అప్పటికే ఒక తొంభై వేలు పోయాయి. ఇంక ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టడానికి వెళ్తున్నాడు.

ఆ డిపాజిట్‌ని కాపాడింది నేను కాదు. కౌంటర్లో ఉన్న ఒక చిన్నమ్మాయి. "ఇంత డబ్బు ఎవరికి సార్, వాళ్ళు మీకు ఎట్లా తెలుసు?" అని అడిగింది. ఈయన "బంధువులమ్మా" అన్నాడు. చేతులు వణకడం చూసి, జేబులో ఫోన్ చూసి, ఆ అమ్మాయి ఇంకేమీ మాట్లాడకుండా డిపాజిట్ స్లిప్పు వెనక రాసి ముందుకి జరిపింది: "పోలీసులమని ఎవరైనా ఫోన్ చేశారా?" చిన్నాయన తల ఊపాడు. ఆ అమ్మాయే చెయ్యి చాచి ఫోన్ తీసుకుని కట్ చేసింది. 1930కి ఫోన్ చేయించింది కూడా ఆ అమ్మాయే.

మా చిన్నాయన లెక్కల మాస్టారు. ముప్పై ఏళ్ళు రాచర్ల, కంభం, గిద్దలూరు బడుల్లో పిల్లల్ని నించోబెట్టి "ఎందుకు? నిరూపించు!" అని అడిగిన మనిషి. ఆ శనివారం ఊరెళ్ళి, ఆయన కాస్త తేరుకున్నాక, ఉండబట్టలేక అడిగేశా. "చిన్నాయనా, నువ్వెవరు, ఏ స్టేషను, కార్డు చూపించు అని ఒక్క మాట ఎందుకు అడగలేదు?"

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. "పోలీసాయన్ని నువ్వెవరని అడిగేది ఉంటదా రా?" అన్నాడు.

ఈ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆయన అమాయకుడు కాదు. మోసాల గురించి పేపర్లో రోజూ చదువుతాడు. మరి ఆ ప్రశ్న ఎందుకు నోట్లోంచి రాలేదు? దీని సంగతేంటో చూద్దామని ముందు చట్టాలు తిరగేశా, తర్వాత మా ప్రాంతం చరిత్ర తిరగేశా. నేను లాయర్నీ కాదు, చరిత్ర ప్రొఫెసర్నీ కాదు. కోడ్ రాసుకునేవాణ్ణి. అయినా దొరికిన సరుకు మీతో పంచుకోవాలనిపించింది.

రెండొందల సంగతి

1860లో చేసి 1862 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఇండియన్ పీనల్ కోడ్‌లో మనకి పనికొచ్చే సెక్షన్లు పక్కపక్కనే రెండున్నాయి. 170వ సెక్షను: ప్రభుత్వోద్యోగి కానివాడు అయినట్టు నటించి, ఆ పదవి పేరు చెప్పి ఏదైనా పని చేస్తే, లేదా చెయ్యబోతే, రెండేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 171వ సెక్షను: జనం నమ్మాలనే ఉద్దేశంతో ప్రభుత్వోద్యోగి దుస్తుల్లాంటివి వేసుకున్నా, వాళ్ళు పట్టుకునే గుర్తులాంటిది పట్టుకు తిరిగినా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండొందల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

సైనికుల దుస్తులకి వేరే సెక్షను ఉంది, 140. అక్కడా మూడు నెలలే, జరిమానా మాత్రం ఐదొందల దాకా. అంటే తెల్లవాడి లెక్కలో సిపాయి చొక్కా పోలీసు చొక్కా కన్నా రెండున్నర రెట్లు ఖరీదు అన్నమాట.

రెండొందలంటే ఆ రోజుల్లో ఎంత? మా వైపు అందరికీ తెలిసిన లెక్క ఒకటి చెప్తా. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చిన పింఛను నెలకి పదకొండు రూపాయల చిల్లర. ఆ పింఛనుతో రెండొందలు కట్టాలంటే పదిహేడు నెలలు పడుతుంది. 1860లో అది గట్టి దెబ్బే. చిత్రం ఏంటంటే ఆ అంకెని 2024 దాకా ఎవ్వరూ ముట్టుకోలేదు. నూట అరవై ఏళ్ళ పైచిలుకు అదే రెండొందలు! చివరికొచ్చేసరికి ఆ డబ్బుతో హైదరాబాదులో ఒక బిర్యానీ కూడా సరిగ్గా వచ్చేది కాదు. లెగసీ కోడ్ అంటే మనమే కంగారు పడతాం గానీ, చట్టాల్లో చూడండి ఎంత ఉందో.

అసలు పోలీసు ఎవరు?

నకిలీ అనాలంటే ముందు అసలు ఏదో తెలియాలి కదా. మా గిద్దలూరు, మార్కాపురం, కంభం వైపు 1860కి ముందు అసలు పోలీసు ఎవరు? ఇక్కడే కథ చిక్కుపడింది.

మా ప్రాంతం ఇప్పటి మ్యాపు లెక్కలో ఉండేది కాదు. 1800లో నిజాం కంపెనీకి వదిలేసిన దత్త మండలాల్లో ఇదీ ఒక ముక్క. ముందు కడప జిల్లా, 1858 నుంచి కర్నూలు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు అందులోకి వచ్చాం, 1972లో దానికే ప్రకాశం అని పేరొచ్చింది. జిల్లా కేంద్రం ఎక్కడున్నా నల్లమల మాత్రం ఇంటి వెనకే ఉంది.

కంపెనీ వాళ్ళు వచ్చేటప్పటికి ఇక్కడ కాపలా అనేది ఒక హక్కు. పాలెగాళ్ళు ఊళ్ళ దగ్గర కావలి రుసుము తీసుకునేవాళ్ళు. వాళ్ళ కింద కట్టుబడి బంట్రోతులు. కట్టుబడి అంటే మామూలు శిస్తు కాకుండా ఖాయం చేసిన తక్కువ పన్ను. ఆ తక్కువ పన్ను మీద భూమి అనుభవించినందుకు దారుల్ని, ఊళ్ళని కాయాలి. తాత చేస్తే తండ్రి, తండ్రి చేస్తే కొడుకు. వీళ్ళకి యూనిఫాం లేదు, గుర్తింపు కార్డు లేదు. అవసరమూ లేదు, ఎందుకంటే ఊరంతా వాళ్ళని పుట్టినప్పటి నుంచీ ఎరుగును. ఫలానా వాడి కొడుకు కావలివాడు, అంతే. అలాంటి చోట దొంగ పోలీసు పుట్టడం కష్టం. (కావలివాడే దొంగతో వాటా పెట్టుకోవడం వేరే సంగతి. కంపెనీ రికార్డులనిండా ఆ ఫిర్యాదులే.)

1800 నుంచి 1807 దాకా దత్త మండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ళ నడుం విరిచాడు. తర్వాత 1816లో మద్రాసు ప్రభుత్వం పదకొండో రెగ్యులేషను తెచ్చింది. ఊళ్ళో పెద్దరెడ్డి, ఆయన కింద తలారి, తాలూకాకి తహసీల్దారు, జిల్లాకి కలెక్టరు. శిస్తు వసూలు చేసేదీ వీళ్ళే, పోలీసు పనీ వీళ్ళదే. తహసీల్దారు పంపిన బంట్రోతు ఊళ్ళోకి వచ్చాడంటే దొంగతనం విచారణకి వచ్చాడో శిస్తు బాకీకి వచ్చాడో వాడు చెప్తేనే తెలియాలి.

వాడు కంపెనీ మనిషేనని ఎట్లా తెలుస్తుంది? భుజం మీంచి అడ్డంగా వేసుకున్న డవాలు, దాని మీద ఇత్తడి బిళ్ళ. మన తెలుగులో బిళ్ళబంట్రోతు, డవాలు బంట్రోతు అన్న మాటలు అక్కణ్ణుంచి వచ్చినవే. పాత సినిమాల్లో కలెక్టరు గది బయట తలపాగాతో కూర్చునే ఆయన గుర్తున్నాడా, ఆయనే. బిళ్ళ మీద రాత చదవగలిగినవాళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళకి అది మెరిసే ఇత్తడి. మెరిస్తే చాలు, లేచి నించోవాలి. 171వ సెక్షనులో "దుస్తులు" పక్కనే "గుర్తు" అన్న మాట చదవగానే నాకు ఈ బిళ్ళే కళ్ళ ముందు మెదిలింది.

నాకు ముఖ్యమనిపించిన మార్పు ఇదే. అంతకు ముందు మనిషిని బట్టి అధికారం. ఇప్పుడు బిళ్ళని బట్టి అధికారం. మనిషి ముక్కూమొహం తెలియనవసరం లేదు. అధికారం ఇట్లా ఒంటి మీదికి వేసుకునే వస్తువుగా మారినప్పుడు, ఆ వస్తువు ఎవడికి దొరికితే వాడే అధికారి.

ఈ మార్పు సాఫీగా ఏం జరగలేదు. 1846లో నరసింహారెడ్డి తిరగబడ్డప్పుడు ఆయన వెంట నడిచినవాళ్ళలో కట్టుబడి బంట్రోతులు చాలామంది. వాళ్ళ ఇనాములు ప్రభుత్వం వెనక్కి లాక్కుంటోందన్న కడుపుమంట అది. ఆ ఏడాది జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాక నల్లమల వైపు వచ్చి, గిద్దలూరు దగ్గర కంపెనీ సైన్యంతో తలపడ్డారు. అక్టోబరులో రెడ్డి దొరికాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. 2019లో వచ్చిన సినిమాలో కత్తులూ గుర్రాలూ బోలెడు చూశాం గానీ, ఆ గొడవ వెనక "కాపలా హక్కు ఎవరిది?" అన్న ప్రశ్న కూడా ఉందని నాకు ఈ మధ్యే తెలిసింది. నిన్నటి దాకా కావలివాడు, ఇవాళ్టి నుంచి ఎవరూ కాదు. అదే మనిషి, అదే కర్ర, అదే దారి.

ఇంక బిళ్ళలు వేసుకున్నవాళ్ళ సంగతి. వాళ్ళు శిస్తు కోసం రైతుల్ని ఎండలో వంగోబెట్టడం, వేళ్ళని కిట్టి కొయ్యల మధ్య నొక్కడం చేస్తున్నారని గోల పెద్దదై 1854లో మద్రాసులో ఒక కమిషను వేశారు. చిత్రహింసల కమిషను అనే పేరు. 1855లో రిపోర్టు వచ్చింది. హింస నిజమే, శిస్తు అధికారమూ పోలీసు అధికారమూ ఒకే చేతిలో ఉండటం దానికొక పెద్ద కారణం అని తేల్చారు. దాని ఫలితమే 1859లో వచ్చిన మద్రాసు జిల్లా పోలీసు చట్టం. శిస్తు వేరు, పోలీసు వేరు. జీతం, హోదాలు, యూనిఫాం ఉన్న పోలీసు శాఖ మనకి అప్పుడు పుట్టింది. ఆంధ్ర ప్రాంతంలో ఆ చట్టం స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం నడిచింది.

ఇప్పుడు తారీఖులు పక్కపక్కన పెట్టి చూడండి. 1859లో యూనిఫాం పోలీసు. 1862లో యూనిఫాం దొంగకి శిక్ష. మూడేళ్ళు కూడా తిరక్కుండా రెండూ వచ్చేశాయి. కానీ మూడోది ఒకటి ఉండాలి కదా? "అయ్యా, మీ బిళ్ళ ఒకసారి చూపిస్తారా" అని అడిగే హక్కు రైతుకి. అది రాలేదు. ఎప్పుడొచ్చిందో చివర్లో చెప్తా.

వేషానికీ మోసానికీ తేడా

చిన్నప్పుడు మా ఊరికి పగటి వేషాలవాళ్ళు వచ్చేవాళ్ళు. అర్ధనారీశ్వరుడు, బుడబుక్కలాయన, ఒక్కోసారి పోలీసు ఇనస్పెక్టరు కూడా. ఖాకీ చొక్కా, లాఠీ, మీసం. మా వీధిలో షావుకారుని అంగడి ముందు నిలబెట్టి లైసెన్సు చూపించమని గదమాయిస్తే వీధంతా ఒకటే నవ్వు. చివరికి షావుకారు ఐదో పదో ఇచ్చి పంపేవాడు. లెక్క ప్రకారం ఖాకీ వేశాడు, గదమాయించాడు, డబ్బులు కూడా తీసుకున్నాడు. మరి నేరం కాదా?

కాదు. ఎందుకంటే జనం నిజమని నమ్మాలని ఆయన అనుకోలేదు. వేషమని తెలిసే ఇచ్చారు. 171 అడిగేది ఆ ఉద్దేశాన్ని. సినిమా యాక్టరు ఖాకీ వేసుకున్నా ఇదే కథ. అదే చొక్కా వేసుకుని రాత్రిపూట దోర్నాల రోడ్డు మీద లారీ ఆపితే మాత్రం 171 అక్కడికక్కడే తగులుకుంటుంది. కాగితాలు చూపించమని అడిగాడంటే 170 కూడా వచ్చేస్తుంది, ఎందుకంటే పదవి పేరు మీద పని మొదలుపెట్టాడు. డబ్బు తీసుకున్నాడంటే వేషమేసి మోసం చేసినందుకు 419 కింద మూడేళ్ళ దాకా, 420 కింద ఏడేళ్ళ దాకా.

416వ సెక్షను కింద ఒక వివరణ ఉంది, అది నాకు భలే నచ్చింది. వేషం వేసిన మనిషి నిజంగా ఉన్నవాడైనా, ఊహించుకున్నవాడైనా నేరం నేరమే. మా చిన్నాయనతో మాట్లాడిన "డీసీపీ" ఈ ప్రపంచంలో ఎక్కడా లేడు. అయినా అది వేషమే. 1860లో ఈ వాక్యం రాసినాయన వీడియో కాల్ కలలో కూడా చూసి ఉండడు.

ఇంకొకటి, మన అందరికీ రోజూ తగిలేది. మన ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో ఒక చట్టం వచ్చింది. దాని 21వ సెక్షను ప్రకారం ప్రైవేటు గార్డు సైన్యం దుస్తులు గానీ, పోలీసు దుస్తులు గానీ, వాటిలా కనపడేవి గానీ వేసుకుంటే అతనికీ, ఏజెన్సీ యజమానికీ ఏడాది దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఈసారి లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి చూడండి. భుజాల మీద నక్షత్రాలు, నడుముకి ఎర్ర బెల్టు, నెత్తిన బెరే టోపీ. పాపం ఆయనకి ఏజెన్సీ ఏది ఇస్తే అది వేసుకుంటాడు. చట్టం యజమానిని కూడా కలపడం న్యాయమే.

అడగని జనం ఒక్క మా ఊరివాళ్ళేనా?

కాదు లెండి. 1906 అక్టోబరు 16న బెర్లిన్ పక్కన కోపెనిక్ అనే ఊళ్ళో విల్హెల్మ్ ఫోయిగ్ట్ అనే చెప్పులు కుట్టే ఆయన, జైళ్ళు చూసొచ్చినవాడు, పాత బట్టలు కొని కెప్టెన్ యూనిఫాం సమకూర్చుకున్నాడు. దారిన పోయే సిపాయిల్ని "నా వెంట రండి" అన్నాడు. వచ్చారు. మునిసిపల్ ఆఫీసుకెళ్ళి మేయరుని అరెస్టు చేసి, ఖజానా డబ్బు తీసుకుని, రసీదు కూడా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆయన్ని కాగితం అడిగి ఆపిన నాథుడు లేడు. నాలుగేళ్ళ శిక్ష పడింది గానీ దేశమంతా పడీపడీ నవ్వడంతో 1908లో చక్రవర్తే క్షమించి వదిలేశాడు.

1987 మార్చిలో బొంబాయిలో ఒకడు పేపర్లో ప్రకటన వేశాడు: సెక్యూరిటీ ఆఫీసర్లు, ఇంటెలిజెన్స్ ఆఫీసర్లు కావలెను. తాజ్ హోటల్లో ఇంటర్వ్యూ పెట్టి, ఇరవై ఆరు మందికి ఉద్యోగం ఇచ్చి, సీబీఐ వాళ్ళలా గుర్తింపు కార్డులిచ్చి, మార్చి 19న ఒక పెద్ద నగల కొట్టు మీద "రైడు"కి తీసుకెళ్ళాడు. లక్షల విలువైన నగలు పెట్టెల్లో సర్దించుకుని, మీరిక్కడే ఉండండి అని చెప్పి పోయాడు. ఇప్పటికీ దొరకలేదు. 2013లో దీని మీద హిందీ సినిమా వచ్చింది. ఇందులో నాకు జాలేసేది ఆ ఇరవై ఆరు మంది మీద. ఉద్యోగం దొరికిందనుకుని కొత్త చొక్కా వేసుకొచ్చిన పిల్లలు. మనలో కన్సల్టెన్సీల చేతిలో మోసపోయినవాళ్ళకి ఆ బాధ తెలుసు.

మన రాష్ట్రంలోనే 2024 డిసెంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పార్వతీపురం మన్యం జిల్లా పర్యటనలో ఐపీఎస్ యూనిఫాంలో ఒక మనిషి తిరిగాడు. అక్కడున్న పోలీసులతో ఫొటోలు కూడా దిగాడు. ఐపీఎస్ కాదని ఆ తర్వాత బయటపడి అరెస్టు చేశారు. నిజమైన పోలీసులే అడగలేకపోయిన ప్రశ్న మా చిన్నాయన అడగలేదని నేను నిష్ఠూరమాడానన్నమాట. సిగ్గేసింది.

తలుపు కొట్టినవాళ్ళు

అయినా మా వైపు భయానికి ఇంకో పొర ఉంది. మా అమ్మ వాళ్ళది అర్ధవీడు వైపు అడవి అంచున ఊరు. 1990ల చివర, ఆ తర్వాత ఐదారేళ్ళు, రాత్రి తలుపు కొడితే ఎవరో తెలిసేది కాదు. అన్నలు కావచ్చు. మఫ్టీలో పోలీసులు కావచ్చు. అన్నల పేరు చెప్పి డబ్బులు దండుకునే నకిలీలు కావచ్చు. అన్నలా అని పరీక్షించడానికి వచ్చిన పోలీసులూ కావచ్చు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకని మావోయిస్టు నాయకులు బయటికొచ్చింది ఈ నల్లమల్లోంచే. చర్చలు చెడ్డాక 2005 ప్రాంతంలో "నల్లమల కోబ్రాలు" అనే పేరుతో బెదిరింపులు మొదలయ్యాయి. వెనక పోలీసులే ఉన్నారని హక్కుల సంఘాలవాళ్ళన్నారు, మాకు సంబంధం లేదని పోలీసులన్నారు.

మా అమ్మమ్మ నేర్పిన సూత్రం ఒకటే. "తలుపు కొట్టినోళ్ళని ఎవురని అడగబాక. అన్నమడిగితే అన్నం పెట్టు, నీళ్ళడిగితే నీళ్ళియ్యి." ఆ రోజుల్లో అది తెలివైన సలహా. పేరు తెలుసుకున్నవాడికే ప్రమాదం. తెల్లారి ఇంకొకరొచ్చి "రాత్రి ఎవరొచ్చారు?" అంటే "తెలియదు సామీ" అని నిజాయితీగా చెప్పొచ్చు.

మా చిన్నాయన ఆ రోజుల్లోనే అడవి పక్క బడిలో మాస్టారు. "అడిగేది ఉంటదా రా" అన్న మాట వెనక ఇదంతా ఉంది. బిళ్ళ బంట్రోతు దగ్గర్నుంచి అర్ధరాత్రి తలుపు దాకా, తరాల తరబడి అడక్కపోవడమే మాకు క్షేమం. ఇప్పుడు ఎక్కడో కూర్చుని వీడియో కాల్ చేసే కుర్రాడు ఈ భయాన్ని పైసా ఖర్చు లేకుండా వాడుకుంటున్నాడు. వాడికి ఖాకీ చొక్కా ఒక్కటి చాలు, మిగతాదంతా మనమే ఇస్తున్నాం.

మూడోది ఎప్పుడొచ్చింది?

ఇందాక ఆపిన దగ్గరికి వస్తా. అడిగే హక్కు.

1996 డిసెంబరు 18న డీకే బసు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అరెస్టు చేసే పోలీసులు తమ పేరు, హోదా స్పష్టంగా కనపడే గుర్తింపు పెట్టుకోవాలి. పాటించకపోతే శాఖాపరమైన చర్యే కాదు, కోర్టు ధిక్కారం కూడా. తర్వాత 2008 సవరణతో ఇది సీఆర్‌పీసీలో 41బి సెక్షనుగా చేరి 2010 నవంబరు 1 నుంచి అమల్లోకొచ్చింది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 36వ సెక్షను.

నకిలీకి శిక్ష 1862లో. అసలువాడు తనెవరో చూపించాలన్న నియమం చట్టంలోకి 2010లో. మధ్యలో 148 ఏళ్ళు!

మన భాషలో చెప్పాలంటే ఇది అథెంటికేషన్ సమస్య. మనం లాగిన్ అయ్యేటప్పుడు మనమెవరో సర్వరుకి నిరూపించుకుంటాం. కానీ ఆ సర్వరు ఎవరో మనకి నిరూపించకపోతే, లాగిన్ పేజీని అచ్చుగుద్ది ఎవడైనా పాస్‌వర్డు కొట్టేస్తాడు. అందుకే సర్టిఫికెట్లు, తాళం బొమ్మలు వచ్చాయి. ఫిషింగ్ చేసినవాడికి శిక్ష ఎంత పెంచినా, సర్టిఫికెట్ చూడని జనం ఉన్నంతకాలం ఫిషింగ్ ఆగదు. మన పాలన నూట యాభై ఏళ్ళు ఒక వైపు అథెంటికేషన్‌తోనే నడిచింది. ఆధార్, రేషను కార్డు, పాసుబుక్కు అన్నీ మనం చూపించాలి. ఎదుటివాడు చూపించాల్సింది ఏదీ లేదు. జనానికి అడిగే అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

శిక్షలు పెరిగాయి, కాదనను. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 170 ఇప్పుడు 204: ఆరు నెలలకి తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. కనీస శిక్ష పెట్టడం కొత్త. పాత 171 ఇప్పుడు 205: మూడు నెలలు అట్లాగే ఉన్నాయి, రెండొందలు కాస్తా ఐదు వేలయింది. సైనికుల దుస్తుల సెక్షను 168లో జరిమానా రెండు వేలు. చూశారా, ఇప్పుడు పోలీసు చొక్కాయే ఖరీదు! వేషమేసి మోసానికి 319 కింద ఐదేళ్ళ దాకా. కంప్యూటరో ఫోనో వాడితే ఐటీ చట్టం 66డి, అందులో మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అది 2009 నుంచే ఉంది.

డిజిటల్ అరెస్టు అనేదే చట్టంలో లేదని 2024 అక్టోబరు 27న ప్రధాని రేడియోలో చెప్పారు. 2025లో సుప్రీంకోర్టు తనంతట తనే ఈ మోసాల్ని విచారణకి తీసుకుని, డిసెంబరు 1న దర్యాప్తు సీబీఐకి అప్పగించింది. అదే ఏడాది జనవరిలో ఇంకో కేసులో, పోలీసు నోటీసులు వాట్సాప్‌లో ఇస్తే చెల్లవని కూడా చెప్పింది. ఇవన్నీ మంచివే. కానీ ఇవన్నీ నకిలీవాడు దొరికాక పనికొచ్చేవి.

దొరక్కముందు పనికొచ్చేది ఆ కౌంటర్ అమ్మాయి అడిగిన ప్రశ్న. అందుకని మీకొక చిన్న పని చెప్తా. ఈ ఆదివారం ఊరికి ఫోన్ చేసినప్పుడు "ఓటీపీ చెప్పొద్దు నాన్నా" అని మళ్ళీ చెప్పకండి, అది వాళ్ళు వినీ వినీ విసిగిపోయారు. దాని బదులు, పోలీసుని కార్డు అడగడం తప్పు కాదని, అడిగితే చూపించాల్సిన బాధ్యత ఆయనదేనని, వీడియోలో కార్డు చూపించినా అది లెక్కలోకి రాదని, ఫోన్ కట్ చేసి ఊళ్ళో స్టేషనుకి నడిచి వెళ్ళి అడగొచ్చని చెప్పండి. వీలైతే నాటకంలా ఆడించండి. మీరు పోలీసు, మీ నాన్న మీ నాన్నే. మొదటిసారి ఆయన నవ్వేస్తాడు, అడగలేడు. రెండోసారి అడుగుతాడు.

మా చిన్నాయన తొంభై వేలలో కొంత ఎక్కడో ఖాతాలో ఆగిందట, కేసు నడుస్తోంది. పోయిన నెల ఆ పని మీదే స్టేషను నుంచి ఒక కానిస్టేబులు ఇంటికొచ్చాడట. చిన్నాయన గడప లోపలే నిలబడి, "బాబూ, ఏమనుకోకు, నీ కార్డు ఒకసారి" అన్నాడట. ఆయన మొహం కాస్త మాడ్చుకుని, తర్వాత జేబులోంచి తీసి ఇచ్చాడు. ఈయన కళ్ళజోడు తెచ్చుకుని, క్లాసులో హాజరు పిలిచినట్టు పేరు పైకి చదివి, ఫొటోనీ మనిషినీ రెండుసార్లు చూసి, కార్డు తిరిగిచ్చేసి, అప్పుడు "రా నాయనా, కూర్చో" అని చిన్నమ్మని టీ పెట్టమన్నాడట.

ఇది చెప్తూ చిన్నమ్మ ఫోన్లో నవ్వుతానే ఉంది. ఆ కానిస్టేబులు చిన్నాయన దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడేనట.